పోస్టుకార్డుల సాక్ష్యం: నగర చరిత్రకు ఒక చిన్న ఆధారం

చరిత్ర రచనకు ఆధారాలు అనగానే శాసనాలు, నాణేలు, ఫర్మానాలు, తవారీఖులు గుర్తుకు వస్తాయి. ఉత్తర సర్కారుల ప్రాంతంలో ఇట్టి ఆధారాలకు కొదువ లేదు. శ్రీకూర్మంలోని కూర్మనాథాలయంలో స్తంభాల మీద, గోడల మీద వందకు పైగా శాసనాలు కలవు. శతాబ్దాల తరబడి ఎవరు ఏమి దానమిచ్చారో అవి చెబుతాయి. అక్కడికి సమీపంలోని శ్రీకాకుళ పట్టణంలో జామియా మసీదు కలదు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1641లో, షేర్ ముహమ్మద్ ఖాన్ దీనిని కట్టించాడు. ఈ రెండు చోట్లా గతం రాతి మీద నిలిచి ఉన్నది.

అయితే రాయి అన్నీ చెప్పదు. కట్టించినవాని పేరు, సంవత్సరం, మాన్యం విస్తీర్ణం చెబుతుంది. ఆ మసీదు ముందున్న వీధి నూరేళ్ల క్రిందట ఎట్లా ఉండేదో, బజారులో ఏ దుకాణాలు ఉండేవో, వజూ చేసే హౌజు ఏ వైపున ఉండేదో చెప్పదు. వక్ఫు గెజిట్లు కూడా అంతే. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు వాటిలో దొరుకుతాయి గాని కట్టడం రూపం దొరకదు. పాత మసీదును విప్పి క్రొత్తది కట్టిన తరువాత, దాని పూర్వ రూపాన్ని తెలుసుకొనడానికి ఏ ఆధారం మిగులుతుంది? ఒక్కొక్కసారి అరచేతి వెడల్పున్న అట్టముక్క మాత్రమే మిగులుతుంది. అదే బొమ్మల పోస్టుకార్డు.

పోస్టుకార్డు పుట్టుక చాలా పాతది కాదు. 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యం మొట్టమొదటి సర్కారీ పోస్టుకార్డును ప్రవేశపెట్టింది. భారతదేశంలో 1879 జూలై 1 నుండి కాలణా కార్డు అమలులోకి వచ్చింది. కవరు కొనలేని పేదవాడు కూడా దూరాన ఉన్న బిడ్డకు క్షేమ సమాచారం వ్రాయగలిగాడు. బొమ్మ గల కార్డులు దీని తరువాత వచ్చాయి. మొదట్లో వెనుక వైపు మొత్తం చిరునామాకే కేటాయించబడి ఉండేది. అందుచేత చెప్పదలచిన మాటను బొమ్మ ప్రక్కనున్న ఖాళీలోనే ఇరికించి వ్రాయవలసి వచ్చేది. 1902లో బ్రిటన్ వెనుక భాగాన్ని రెండుగా విభజించి, ఒక సగం ఉత్తరానికి, మరొక సగం చిరునామాకు కేటాయించింది. కొద్ది సంవత్సరాల్లో తక్కిన దేశాలూ అదే మార్గం పట్టాయి. అప్పటి నుండి బొమ్మ ఒక ముఖమంతా ఆక్రమించింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే వరకు ఈ కార్డులకు స్వర్ణయుగమని చెప్పవచ్చు. మద్రాసులో హిగిన్‌బాథమ్స్, వీలే అండ్ క్లైన్, బొంబాయిలో క్లిఫ్టన్, ఢిల్లీలో హెచ్.ఎ. మీర్జా అండ్ సన్స్ వంటి సంస్థలు వీటిని ప్రచురించాయి. ఆ కాలపు కార్డులు చాలా వరకు జర్మనీ ముద్రణాలయాల్లో అచ్చయ్యేవి.

ఇట్టి కార్డును చరిత్రకారుడు ఎట్లా పరీక్షించాలి? ఇందుకు ముస్లిం విద్వాంసులకు చిరపరిచితమైన ఒక మార్గం కలదు. హదీసు శాస్త్రజ్ఞులు ఒక కథనం విన్నప్పుడు దానిలోని విషయాన్ని, అనగా మతన్‌ను, ఎంత శ్రద్ధతో చూస్తారో, అది ఎవరి ద్వారా వచ్చిందనే సనద్‌ను కూడా అంత శ్రద్ధతో చూస్తారు. పవిత్రమైన ఆ వాఙ్మయంతో అంగడి సరుకైన కార్డుకు పోలిక లేదు. కాని పరిశీలించే క్రమశిక్షణ మాత్రం ఇక్కడ కూడా పనికి వస్తుంది. కార్డు ముందరి బొమ్మ మతన్ వంటిది. వెనుక వైపున ఉన్న ప్రచురణకర్త పేరు, ముద్రణ స్థలం, స్టాంపు, తపాలా ముద్ర, చేతివ్రాత సనద్ వంటివి. బొమ్మను మాత్రమే చూసి వెనుక వైపును వదలివేసినవాడు సాక్షి ఎవరో తెలుసుకొనకుండానే సాక్ష్యాన్ని నమ్మినవాడవుతాడు.

పైగా ప్రతి కార్డుకు మూడు తేదీలు ఉంటాయి. ఫోటో తీసిన తేదీ ఒకటి, అచ్చయిన తేదీ మరొకటి, తపాలా పెట్టెలో పడిన తేదీ వేరొకటి. స్టాంపు మీద ఏడవ ఎడ్వర్డు బొమ్మ ఉంటే కార్డు 1901 తరువాత పోస్టయిందని, ఐదవ జార్జి బొమ్మ ఉంటే 1910 తరువాత పోస్టయిందని గ్రహించవచ్చు. కాని లోపలి దృశ్యం అంతకు పదేళ్ల ముందుదైనా కావచ్చు. దుకాణదారుడు పాత సరుకును అమ్ముడుపోయే దాకా అమ్ముతూనే ఉంటాడు కదా! కావున దృశ్యం వయస్సును దృశ్యంలోనే వెదకాలి.

విశాఖపట్నం దృశ్యాలను ఉదాహరణగా తీసుకొనవచ్చు. అక్కడ రేవు మొగ వద్ద మూడు గుట్టలు వరుసగా ఉన్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వేంకటేశ్వరాలయం, మరొకదాని మీద హజ్రత్ ఇసాక్ మదీనా ఔలియా దర్గా. ఎదుట సముద్రంలోకి పొడుచుకొని వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ. ఈ కొండ ప్రక్కన ఉప్పుటేరు, బురదనేల మాత్రమే కనిపిస్తే ఆ దృశ్యం నౌకాశ్రయానికి ముందుది. ఏలయనగా విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. కొండ శిఖరాన లైట్‌హౌసు కనిపిస్తే ఆ దృశ్యం 1957కు ఇవతలిది. బొమ్మ క్రింద "విజగపటం" అని ఉన్నదా, "విశాఖపట్నం" అని ఉన్నదా అన్నది కూడా కాలాన్ని తెలిపే గుర్తే.

హైదరాబాదు కార్డులు ఇంతకంటె ఎక్కువ చెబుతాయి. 1591లో కట్టబడిన చార్మినార్ రూపం మారలేదని సామాన్యులు అనుకుంటారు. కాని దాని నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో అమర్చినవి. అవి లేని బొమ్మ ఏదైనా దొరికితే అది అంతకు ముందుదని నిశ్చయించవచ్చు. మూసీ తీరం కథ మరీ విషాదకరమైనది. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన మహా వరదలో దాదాపు 15,000 మంది మరణించారని అంచనా. వేలాది ఇండ్లు నేలమట్టమయ్యాయి. కూలిన గోడలు, తెగిన వంతెనలు, శిథిలాల మధ్య నిలబడిన మనుషులు ఆనాటి ఫోటోలలో కనిపిస్తారు. ఆ ఫోటోలలో కొన్ని కార్డులుగా కూడా అమ్ముడుపోయాయి. ఒక నగరం దుఃఖం కూడా అంగడిలో సరుకైంది. అయినా నదీతీరపు పాత మొహల్లాలు ఎట్లా ఉండేవో, ఏ మేరకు ధ్వంసమయ్యాయో నేడు కంటితో చూడటానికి ఆ బొమ్మలే దిక్కు.

వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన జలాశయాలు నిర్మించబడ్డాయి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ వీధులను వెడల్పు చేసింది. 1920లో నదీతీరాన హైకోర్టు భవనం ప్రారంభమైంది. అందుచేత ఒకే తీరాన్ని చూపే కార్డులను వరుసగా పేర్చితే వరదకు ముందటి నగరం, వరదనాటి నగరం, వరద తరువాతి నగరం మన కళ్ల ముందు నిలుస్తాయి.

నిజాం సర్కారుకు సొంత తపాలా ఉండేది. 1931లో ఆ సర్కారు బొమ్మల స్టాంపులు వెలువరించింది. అణా స్టాంపు మీద చార్మినార్, రెండణాల స్టాంపు మీద హైకోర్టు, నాలుగణాల స్టాంపు మీద ఉస్మాన్ సాగర్, పన్నెండణాల స్టాంపు మీద బీదర్‌లోని మహమూద్ గవాన్ మద్రసా ఉండేవి. అజంతా గుహలకు కూడా ఒక స్టాంపు దక్కింది. ప్రాచీన కట్టడాల సరసన న్యాయస్థానాన్ని, మంచినీటి జలాశయాన్ని నిలిపి తన గౌరవం దేనిలో ఉన్నదో ఆ ప్రభుత్వం చెప్పుకున్నది. వ్యాపారి కార్డులు మాత్రం వేరే మాట చెప్పాయి. ఫకీర్లు, పాములవాళ్లు, నాట్యకత్తెలు, ఒంటెలు, శిథిల సమాధులు ఆ కార్డుల్లో విరివిగా కనిపిస్తాయి. దొరల ఇండ్లకు పంపడానికి వింతలు కావాలి గాని విద్యాలయాలు అక్కరలేదు.

ఇక్కడే ఈ సాక్షి బలహీనత బయటపడుతుంది. వ్యాపారి కెమెరా కొనేవాడు ఉన్న చోటికే వెళ్లింది. కంటోన్మెంట్లు, ఓడరేవులు, రైలు జంక్షన్ల దృశ్యాలు పుష్కలంగా దొరుకుతాయి. ఒకప్పుడు ఫౌజుదార్ల ముఖ్యపట్టణమై, సన్నని మస్లిన్ వస్త్రాలకు పేరుపొందిన శ్రీకాకుళం వంటి ఊళ్ల దృశ్యాలు అరుదు. రైలు కూడా ఆ పట్టణంలోకి రాక ఆముదాలవలస మీదుగా పోయింది. కార్డు లేనంత మాత్రాన ఆ ఊరికి చరిత్ర లేదనడం అన్యాయం. సాక్షి రాకపోవడం వేరు, సంఘటన జరగకపోవడం వేరు. అట్లే నేసిన స్త్రీలు, పర్దా వెనుక గృహాలు నడిపిన తల్లులు, మద్రసాలలో పాఠం చెప్పిన మౌల్వీలు ఈ బొమ్మల్లో దాదాపుగా కనిపించరు. రంగులను కూడా నమ్మరాదు. నలుపు తెలుపు ఫోటోకు, ఆ ఊరు ఎన్నడూ చూడని పనివారు ఎక్కడో దూరాన కూర్చొని ఊహతో రంగులు వేసేవారు. తలపాగా ఎరుపో పచ్చో ఆ కార్డును బట్టి నిర్ణయించడం ప్రమాదం.

కెమెరా తమ చేతికి వచ్చినప్పుడు ముస్లింలు ఏమి చూపారన్నది మరొక ముఖ్య విషయం. ఈజిప్టు సైనికాధికారి ముహమ్మద్ సాదిఖ్ బే 1861లో మదీనా మునవ్వరాను, 1880లో మక్కా ముకర్రమాను ఫోటో తీశాడు. ఢిల్లీకి చెందిన హెచ్.ఎ. మీర్జా అండ్ సన్స్ 20వ శతాబ్దం తొలి కాలంలో హరమైన్ షరీఫైన్ దృశ్యాలను ప్రచురించింది. హజ్ యాత్రకు పోలేని పేద ముస్లింకు ఆ బొమ్మ వింత వస్తువు కాదు, ఖిబ్లా జ్ఞాపకం. 1950ల నుండి జరిగిన విస్తరణల వలన హరమ్ పరిసరాలు పూర్తిగా మారిపోయాయి. నాటి వీధులను, ఇండ్లను చూడాలంటే నేడు ఆ పాత చిత్రాలే శరణ్యం. చూపేవాని ఉద్దేశం మారితే చిత్రం విలువ కూడా మారుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం వేరొకటి అక్కరలేదు.

కావున శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు ముస్లిం కుటుంబాలకు ఈ విషయంలో ఒక బాధ్యత కలదు. పాత పెట్టెల్లో, కితాబుల మధ్య ఇట్టి కార్డులు, ఫోటోలు ఉంటే వాటిని చిత్తు కాగితాలుగా పారవేయరాదు. ఆల్బములో జిగురుతో అంటించరాదు. అంటిస్తే వెనుకనున్న సనద్ నశిస్తుంది. నకలు తీయించేటప్పుడు రెండు వైపులా తీయించాలి. బొమ్మలోని వీధిని, కట్టడాన్ని గుర్తుపట్టగల పెద్దలు జీవించి ఉండగానే వారిని అడిగి, ఆ వివరం ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో వేరొక కాగితం మీద వ్రాసి కార్డుతో పాటు ఉంచాలి. మసీదు కమిటీలు పాత కట్టడాన్ని విప్పే ముందు నాలుగు దిక్కుల నుండి ఫోటోలు తీయించి, తేదీ వేసి, దస్తావేజులతో కలిపి భద్రపరచాలి.

1641లో కట్టించినవాడు తన పనిని రాతికి అప్పగించాడు. వ్యాపారి అక్కరలేదని వదలివేసిన ఊళ్ల చిత్రాన్ని, ఆ ఊళ్లవారే పూనుకొంటే తప్ప, మరెవరూ భద్రపరచరు.