ఒక్కో దొరది ఒక్కో తీరు

కాజీపేట జంక్షన్‌లో పొద్దున్నే బండి కోసం నిలబడితే చాలు, ఊళ్ళో సగం ఆఫీసుల సంగతులు చెవిన పడతాయి. "ఏం జేస్తం అక్కా! పాత సారు ఏమన్నా సరేననేటోడు. కొత్త సారుకు అన్నిట్ల అనుమానమే" అంటుంది ఒకావిడ, టిఫిన్ డబ్బా చెయ్యి మార్చుకుంటూ.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు మొదటి సాలార్‌జంగు గుర్తుకొస్తాడు. దివానుగారికీ ఆఫీసరు బాధేమిటని నవ్వకండి. ముప్ఫై ఏళ్ళలో ముగ్గురు నిజాములు, వాళ్ళపైన ఇంగ్లీషు దొరలు! ఇంతమందితో నెగ్గుకొచ్చిన ఉద్యోగి మరొకడు కనబడడు.

1853లో దివాను అయ్యేనాటికి ఆయనకు 24 ఏళ్ళు. ఖజానా ఖాళీ. బాకీల కింద తాలూకాలెన్నో అరబ్బు, రోహిల్లా జమాదార్ల గుప్పిట్లో ఉన్నాయి. అప్పుల్లో మునిగిన నాసిరుద్దౌలాకు కావలసింది పొగడ్తలు కావు, లెక్కలు. కుర్ర దివాను ఆ తాలూకాలు విడిపించే పనిలో పడ్డాడు.

1857లో అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. ఈయనది అనుమానపు మనసు. ఊరి బయట తన తోటలో నలుగురికి విందు చేసుకోవాలన్నా దివాను అనుమతి అడగాల్సిందే! మనమైతే అలిగి కూర్చుందుమేమో. ఆయన మాత్రం ప్రతిసారీ మర్యాదగా అడిగాడు. అడుగుతూనే 1865లో జిలాబందీ తెచ్చి, శిస్తు గుత్తేదార్ల చేతుల్లోంచి తప్పించి, జీతాల ఉద్యోగులకు అప్పగించాడు. 1867లో ప్రభువు ఆయన్ని తీసెయ్యబోతే రెసిడెంటు అడ్డుపడ్డాడు.

మూడో ప్రభువు మహబూబ్ అలీఖాన్. 1869లో రాజయ్యేనాటికి మూడేళ్ళు నిండని పసివాడు. ఇలాంటి పైవాడు దొరికితే హాయి అనుకుంటాం గాని, అదే పెద్ద పరీక్ష. గద్దె మీది బిడ్డ తరఫున రాజ్యం నడుపుతూ, అది తనది కాదని రోజూ గుర్తుంచుకోవాలి కదా!

ఇక ఇంగ్లీషు దొరలు. వాళ్ళ మకాం కోఠీ రెసిడెన్సీ, తర్వాత మన ఆడపిల్లలకు కాలేజీ అయిన భవనమే. 1857 జూలైలో తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దానిమీద దాడి చేసినప్పుడు సాలార్‌జంగు దొరల పక్షాన నిలిచాడు. ఆ సంగతి తలచుకుంటే ఈనాటికీ మనసు ఒప్పదు. పైవాడి మెప్పుకోసం ఎంతదూరం వెళ్ళొచ్చన్న ప్రశ్న అక్కడే ఎదురవుతుంది.

అంత చేస్తే దక్కిందేమిటి? 1853లో పోయిన బేరారును తిరిగి ఇమ్మని ఆయన ఏళ్ళ తరబడి అడిగాడు. 1876లో ఇంగ్లండు వెళితే ఆక్స్‌ఫర్డ్ వారు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. విందులిచ్చారు. బేరారు మాత్రం ఇవ్వలేదు. పైగా మర్నాడు సంవత్సరమే ఆయనకు గిట్టని వికారుల్‌ఉమ్రాను సాటి రీజెంటుగా పక్కన కూర్చోబెట్టారు! మెచ్చుకోలు వేరు, మాట చెల్లడం వేరు. ఇది ఉద్యోగం చేసే ప్రతి ఇల్లాలికీ అనుభవమే.

1883లో కలరా సోకి ఆయన పోయాడు. మెప్పులూ అలకలూ ఆయనతోనే పోయాయి. మిగిలింది చేసిన పని. 1870లో ఆయన హయాంలో కుదిరిన ఒప్పందంతో 1874లో వాడీ నుంచి హైదరాబాదుకు రైలొచ్చింది. ఆయన పోయాక 1886లో అదే దారి వరంగల్లు దాకా సాగింది. 1929లో బల్లార్షా లైను కలిసి కాజీపేట ఇంత పెద్ద జంక్షన్ అయింది.

అదుగో, బండి వచ్చింది. డబ్బా పట్టుకుని ఆవిడ ఎక్కేసింది. కొత్త సారు అనుమానం ఇవాళా తీరకపోవచ్చు. ఆయన్ని అడగాల్సినవి మర్యాదగానే అడుగు తల్లీ. కాని నీ పని మాత్రం, ఆయన బదిలీ అయ్యాక కూడా నిలిచేటట్టు చెయ్యి.