పోపులడబ్బాలో చిల్లర

గాదె నిండా వడ్లుండొచ్చు, బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్టూ ఉండొచ్చు. వాకిట్లో కూరగాయలమ్మి గంప దించితే మాత్రం పోపులడబ్బాలో దాచిన చిల్లరే మన పరువు నిలబెడుతుంది. మన ఒంట్లోనూ ఇదే సంసారం సుమండీ!

మా ఆత్మకూర్ (ఎస్)లో - ఎస్ అంటే సూర్యాపేట - నాట్లప్పుడు సద్ది తిని మడిలో దిగిన ఆడవాళ్లు పొద్దుగూకేదాకా వంచిన నడుం ఎత్తరు. తిన్న అన్నమే బలం అంటాం. నిజమే గాని, అన్నం గాదెలో వడ్ల వంటిది. కండ కదలాలంటే జీవకణానికి చిల్లర కావాలి. ఆ చిల్లరే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏటీపీ. దానికి మూడు ఫాస్ఫేట్లు వరసగా తగిలి ఉంటాయి. చివరిది ఊడినప్పుడు వచ్చే శక్తితో కండ ముడుచుకుంటుంది. అన్నంలోని చక్కెరను ప్రాణవాయువుతో నెమ్మదిగా మండించి, ఆ శక్తితో కణం మళ్లీ దాన్ని తగిలిస్తుంది. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది పావుకిలో లోపే. తిరిగి తిరిగి, రోజు మొత్తానికి దాదాపు మన బరువంత ఖర్చవుతుంది!

దీన్ని మొదట పట్టుకున్నవాళ్లలో మన తెలుగాయన ఒకరు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు దొర ప్రొఫెసరుకు కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్.కు బదులు చిన్న డిగ్రీయే దక్కింది. 1922లో బోస్టన్ చేరి, రాత్రిళ్లు ఆసుపత్రిలో చిల్లరపనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు.

1925లో ఫిస్క్ అనే గురువుగారితో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండను నడిపేది లాక్టిక్ ఆమ్లమేనని శాస్త్రజ్ఞులు నమ్ముతున్న రోజులవి. ఈ కొలతతో వెదికితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండ పనిచేస్తుంటే తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ పోగవుతుంది. చిల్లర నిండుకుంటే పక్కింటి చేబదులన్నమాట! 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనిపెట్టి, కాస్త ముందు ప్రకటించారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత కొలువు దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. గర్భిణులకిచ్చే ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు మందు హెట్రజాన్ అక్కడ ఆయన నడిపిన బృందం చలవే.

ఇక, ఎవరూ అడగని మాట ఒకటుంది. ఓడెక్కేముందు, మూడేళ్లలో తిరిగొస్తానని ఆయన భార్య శేషగిరిగారికి చెప్పారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. 1948లో న్యూయార్క్‌లో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. ఇరవయ్యారేళ్లలో ఒక్కసారైనా ఈ నేల తొక్కలేదు.

శతజయంతికి, 1995లో, ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వేశారు. సంతోషమే. కాని ఆ ప్రయాణానికి ఖర్చయినవాటిలో మామగారి సొమ్ముతోపాటు ఆ ఇల్లాలి వయసు కూడా ఉంది గదా! అందుకే మా ఊళ్లో నెలతప్పిన అమ్మాయి ఫోలిక్ మాత్ర చేతిలోకి తీసుకుంటే, నేను సుబ్బారావుగారి పేరుతోపాటు శేషగిరిగారి పేరు కూడా చెబుతుంటాను.