చట్టాల లెక్క, చట్టసభ పని

1948 జులైలో అధ్యక్షుడు ట్రూమన్ ఫిలడెల్ఫియాలో జరిగిన తమ పార్టీ మహాసభలో, సెలవులకు వెళ్లిన అమెరికా కాంగ్రెస్‌ను మళ్లీ కూర్చోబెడుతున్నానని ప్రకటించాడు. ఇళ్ల కొరత, మండుతున్న ధరల సంగతి తేల్చమన్నాడు. రిపబ్లికన్ల చేతిలో ఉన్న ఆ కాంగ్రెస్ రెండు వారాలు కూర్చుని పెద్దగా తేల్చిందేమీ లేదు. ఆయన రైలెక్కి ఊరూరా తిరిగి, అది ఏ పనీ చేయని కాంగ్రెస్ అని చాటాడు. నవంబరులో తను గెలిచాడు, ఉభయ సభలూ ఆయన పార్టీకే దక్కాయి.

ఆ 80వ కాంగ్రెస్ రెండేళ్లలో చేసిన చట్టాలు 906. యుద్ధంలో చితికిన యూరప్‌ను నిలబెట్టిన మార్షల్ ప్రణాళికను ఆమోదించిందీ అదే. 2023-24 నాటి 118వ కాంగ్రెస్ మూడొందలైనా దాటలేదు. అంకెలనే నమ్మితే ట్రూమన్ మాట అన్యాయం. ఎన్నికల ఎత్తుగడ అందులో లేదనను గానీ, జనానికి అవసరమైన పని జరిగిందా లేదా అన్న ఆయన కొలతే నాకు సరైనదనిపిస్తుంది.

ఇక్కడ అమెరికాలో మా ఊరి పోస్టాఫీసులోకి అడుగుపెట్టగానే గోడ మీద ఓ ఫలకం కనిపిస్తుంది. యుద్ధంలో చనిపోయిన మా ఊరి సైనికుడి పేరు ఆ భవనానికి పెట్టారు. అందుకు ఉభయ సభల ఆమోదం, అధ్యక్షుడి సంతకం కావాలి. లెక్కలో అదొక చట్టం. నల్లజాతివారి ఓటు హక్కును కాగితం మీంచి పోలింగ్ కేంద్రం దాకా తెచ్చిన 1965 నాటి చట్టమూ ఒకటే. ఏడాది బడ్జెట్ కేటాయింపులన్నీ, కోవిడ్ సాయంతో సహా, కట్టగట్టి 2020 డిసెంబరులో ఆమోదించిన 5,593 పేజీల బిల్లూ ఒకటే. ఆ సైనికుడి పేరు నిలపడం చిన్నపనని నేననను. కానీ వీటిని కూడితే వచ్చే మొత్తంతో సభ పనితనం ఎలా తెలుస్తుంది?

బ్రూక్లిన్ నుంచి ప్రతినిధుల సభకు వచ్చిన ఇమాన్యుయెల్ సెల్లర్‌ను చూడండి. జాతి మూలాలను బట్టి వలసలకు కోటాలు బిగించిన 1924 చట్టాన్ని, సభకు కొత్తగా వచ్చిన రోజుల్లోనే ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. ఓడిపోయాడు. 1946లో ఆయన పేరూ ఉన్న చట్టం భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరిచింది, ఏడాదికి వందమంది కోటాతో. ఆ కోటాల పద్ధతే రద్దయింది 1965లో, మళ్లీ ఆయన పేరున్న చట్టంతోనే. నలభయ్యొక్క ఏళ్ల పట్టుదల అది. మధ్యలో వీగిపోయిన వాదనలు, విచారణలు ఏ పట్టికలోనూ పనిగా నమోదు కావు. నాబోటి వేలాది తెలుగువాళ్లు ఈ గడ్డ మీద ఉన్నామంటే ఆ పని వల్లే.

ఇక జరగని పని. ఉద్యోగాల కోటాలో ఏడాదికి 1,40,000 గ్రీన్‌కార్డులని, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించరాదని 1990 చట్టం చెప్పింది. ఆ వరుసలో ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా రాగానే తెలుగు ఇళ్లల్లో మొదట వెతికేది ఇండియా గడిలో తేదీ ముందుకు జరిగిందా అని. కొన్నిసార్లు వెనక్కీ జరుగుతుంది. ఈలోగా పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచే జారిపోయే ప్రమాదం. ఈ పరిమితిని ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా, ఒక్కరూ అడ్డుచెప్పకుండా, తన మార్పులతో ఇంకో రూపాన్ని ఆమోదించింది. రెండింటినీ ఒకటి చేయడానికి నెలరోజులుంది. చేయలేదు. మన రాజ్యసభలో పెండింగ్‌లో ఉండి, లోక్‌సభ ఇంకా ఆమోదించని బిల్లు లోక్‌సభ రద్దయినా బతికే ఉంటుంది. ఇక్కడ కాంగ్రెస్ గడువు తీరితే అన్నీ పోతాయి. 2021 జనవరి 3న ఇదీ పోయింది. ఆ కాంగ్రెస్ మూడొందలకు పైగా చట్టాలు చేసింది, 1990 నాటి 7 శాతాన్ని మాత్రం అలాగే వదిలేసింది.