మానెక్కిన ఎండ్రకాయ

పొడుగు కాళ్ల పీత ఒకటి ఈ అడవిలో చెట్ల మీద ఉంటుందని ఆయన చెప్పాడు.

చెప్పినాయన కాణి గిరిజనుడు. చోటు కేరళ దక్షిణపు కొసన, తిరువనంతపురం జిల్లాలోని కొట్టూరు రక్షిత అడవి. విన్నది కేరళ విశ్వవిద్యాలయం జలజీవశాస్త్ర విభాగం బృందం. ఆచార్యుడు బిజుకుమార్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న స్మృతి రాజ్ పడమటి కనుమల్లో మంచినీటి పీతల సర్వేకి దిగింది 2014లో. ఆ తిరుగుళ్లలో చెవిన పడిన మాట ఇది.

మంచినీటి పీత అంటే సెలయేట్లో రాళ్లెత్తి చూస్తారు, ఒడ్డున బొరియలు తవ్వి చూస్తారు. మనకూ అంతే. గట్టుకు కన్నం పెట్టి మడిలో నీళ్లు పోగొట్టే ఎండ్రకాయను తిట్టుకోని రైతు ఉండడు. దాని చోటు నేల, బురద. అలాంటిది చెట్టు మీద పీత అంటే నోటుపుస్తకంలో ఓ మూల రాసుకుని పేజీ తిప్పేయడం ఎంత తేలిక! వాళ్లు తిప్పలేదు. ఈ కథలో నాకన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

వెతకడం మాత్రం మాటలు కాదు. పెద్ద మానుల్లో కొమ్మ విరిగిన చోట లోపలి చేవ కుళ్లి తొర్ర పడుతుంది. వానలకు అందులో నీళ్లు నిలుస్తాయి. రాలిన ఆకు నాని నాని ఆ నీరు కషాయంలా నల్లబడుతుంది. కుండెడు చీకట్లో నల్లటి పీత నక్కి ఉంటే తొంగిచూసినవాడికి ఏం కనిపిస్తుంది? 2014లో మొదలైన సర్వే 2016 వానాకాలం దాకా సాగింది.

ఆ ఏడు సెప్టెంబర్ 5. మన ఊళ్లలో వినాయక చవితి. పిల్లలు పత్రి కోసం చెట్టూ పుట్టా గాలిస్తున్న రోజు. ఆ రోజే కొట్టూరు అడవిలో మొదటి పీత చిక్కింది. ఆడది. ఆ క్షణాన్ని నేను చూడలేదు గానీ ఊహించుకోగలను. తొర్ర అంచున జారే నాచు, చేతికి తగిలే చల్లటి నీళ్లు, వేళ్ల మధ్య కదిలిన గట్టి పెంకు, వెలుతురులోకి రాగానే సాలీడులా విప్పుకున్న ఆ పొడుగు కాళ్లు. ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది. తర్వాత మరికొన్ని దొరికాయి. వాటిలో ఒకటి నీలి నలుపు రంగులో ఉన్న పెద్ద మగ పీత.

దొరికిందంటే పని అప్పుడే మొదలైందన్నమాట. కొత్త జాతి అనాలంటే ఇంతవరకు తెలిసిన వాటిలో ఏదీ కాదని చూపాలి. ప్రపంచంలో మంచినీటి పీతలు 1,300 జాతులకు పైమాటే. రంగును నమ్ముకోలేం. స్పిరిట్‌లో వేసిన కొన్నాళ్లకు వెలిసిపోతుంది. సైజు వయసుతో మారుతుంది. అందుకని మగ పీతను వెల్లకిలా తిప్పి, పొట్ట కింద మడుచుకున్న పలకను మెల్లగా ఎత్తి, దాని చాటున ఉన్న జననాంగాల జతను సూక్ష్మదర్శిని కింద పెడతారు. చిన్న పుల్లల్లా ఉండే వాటి వంపు, కొస తీరు జాతికో రకం. మగది దొరకడం ఎందుకంత అవసరమో ఇప్పుడు అర్థమవుతుంది.

సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం నుంచి, పీతల వర్గీకరణలో తలపండిన పీటర్ ఎన్‌జీ కూడా ఇందులో చేరారు. పై పెంకు, మగదాని పొత్తికడుపు, ఆ జననాంగాలు, దగ్గరి చుట్టాల్లో మరి దేనికీ లేనంత పొడుగు నడక కాళ్లు చూసి, ఇది కొత్త జాతే కాదు, కొత్త ప్రజాతి అని ముగ్గురూ తేల్చారు. 2017లో ‘జర్నల్ ఆఫ్ క్రస్టేషియన్ బయాలజీ’లో వర్ణన అచ్చయింది.

పేరు పెట్టే హక్కు వర్ణించినవాళ్లదే. వీళ్లు ప్రజాతికి ‘కాణి’ అని పెట్టారు, జాతికి ‘మరఞండు’ అని. మలయాళంలో మరం అంటే మాను, ఞండు అంటే ఎండ్రకాయ. కొత్తగా పుట్టించిన మాట కాదది, అక్కడివాళ్లు ఆ పీతను పిలిచే పేరే. మొత్తం కలిపి చదివితే ‘కాణివారి మాను పీత’. శాస్త్రవేత్తలు ‘కనుగొన్నారు’ అని రాస్తుంటాం. నాకా మాట మింగుడుపడదు. కాణివాళ్ల కళ్లెదుట ఉన్నదాన్ని శాస్త్రం వాళ్లను అడిగి తెలుసుకుంది, కొలిచి రుజువు చేసింది. ఆ కొండల్లో ఇలా జరగడం మొదటిసారీ కాదు. 1987లో అగస్త్యమల ఎక్కుతూ శాస్త్రవేత్తలు అలసిపోతే, దారి చూపే కాణివాళ్లు ఏవో చిన్న కాయలు నములుతూ చురుగ్గా నడిచారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. ‘జీవని’ అనే మందు వచ్చింది దానినుంచే.

చెట్టు మీద కాపురం ఎలా సాగుతుంది మరి? సముద్రపు పీత గుడ్డు పగిలితే లార్వా బయటికొస్తుంది, నీళ్లలో కొట్టుకుపోతూ పెరుగుతుంది. మంచినీటి పీతకు ఆ దశ లేదు. గుడ్డులోంచే ఆవగింజంత పీత అన్ని కాళ్లతో బయటికొచ్చి, కొన్నాళ్లు తల్లి పొట్ట కింది పలకలో దాక్కుంటుంది. కాబట్టి ఏరు అక్కర్లేదు, సముద్రం అసలే అక్కర్లేదు. తొర్రెడు వాన నీరు చాలు. కానీ ప్రవాహంలో పడి దూరాలకు పోయే లార్వా లేదు గనక, ఒక కొండ పీతకు పక్క కొండ పరాయి దేశమే. ఉన్న చోట చెట్లు పోతే వలస పోవడానికి దానికి దారి లేదు.

ఏ చెట్టు పడితే ఆ చెట్టూ పనికిరాదు. వరసలుగా నాటిన కుర్ర మొక్కల్లో నీళ్లు నిలిచే తొర్రలు ఎక్కడివి? మాను ముదరాలి, గాలివానకు కొమ్మ విరగాలి, ఆ గాయం ఏళ్లకేళ్లు లోపల్లోపల పుచ్చాలి. పెద్ద చెట్లను కాపాడుకోవాలని బిజుకుమార్ గట్టిగా చెప్పింది ఇందుకే. కలప కొలిచేవాడి కంటికి అలాంటి మాను పుచ్చు మాను, దూలానికీ రాదు, తలుపుకీ రాదు. మరఞండు పిల్లల్ని మోసుకుంటూ బతికేది ఆ పుచ్చులోనే.