బొంబాయి మిల్లుల వేతనాలు: సంఘబలమూ చట్టపు కట్టడీ

దత్తా సామంత్ నాయకత్వాన 1982లో జరిగిన సమ్మే బొంబాయి బట్టల మిల్లులను ముంచిందనీ, కార్మిక సంఘాల వేతన దురాశే అందుకు మూలమనీ చెప్పడం పరిపాటి అయినా, వేతనాల చరిత్ర ఈ వాదాన్ని పూర్తిగా బలపరచదు.

1890లో కార్మిక నాయకుడు లోఖండే నెలకొల్పిన మిల్లు కార్మికుల సంఘం ప్రధానంగా వినతిపత్రాలతో నడవగా, 1928 నాటి ఆరు నెలల సమ్మె వేతనాల కోతనూ, తక్కువ మందితో ఎక్కువ మగ్గాలు నడిపించే ప్రయత్నాన్నీ ఎదిరించింది. 1940లలో ఒకే పనికి మిల్లుకో రేటు ఉండే పద్ధతి పోయి వేతనాల ప్రామాణీకరణ జరగడం, ధరల సూచీని బట్టి పెరిగే కరువు భత్యం స్థిరపడడం కార్మికులకు దక్కిన అసలు లాభాలు. అవి పారిశ్రామిక న్యాయస్థానం ద్వారా వచ్చినా, వాటి వెనుక సమ్మెల ఒత్తిడి ఉంది.

అసలు మలుపు 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం. నిర్ణీత శాతం సభ్యత్వం చూపిన ఒక్క సంఘాన్నే 'ప్రతినిధి సంఘం'గా గుర్తించి, బేరమాడే హక్కు దానికే ఇచ్చిన ఈ చట్టం రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌కు దాదాపు గుత్తాధిపత్యం కట్టబెట్టింది. 1981లో ఆ సంఘం ఒప్పుకున్న బోనస్‌పై అసంతృప్తితోనే కార్మికులు సామంత్‌ను ఆశ్రయించారు. ఈ చట్టం రద్దు కూడా వేతనాల పెంపుతో పాటు వారి కోర్కెల్లో ఒకటి. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఎవరైనా రాకపోతేనే పని దొరికి, లేకపోతే కూలి లేకుండా ఇంటిదారి పట్టే 'బద్లీ' కార్మికుల గోడు కూడా సమ్మెలో కలిసింది. సామంత్ కోరిన పెంపు పాత యంత్రాలతో నడిచే మిల్లులకు భారమేనన్నది నిజమే. అయితే ఖాయిలా మిల్లుల జాతీయీకరణ 1974లోనే జరిగిందంటే జబ్బు సమ్మెకు ముందే ముదిరిందన్నమాట. తెలంగాణ పద్మశాలీలు పెద్దసంఖ్యలో పనిచేసిన భివండీ మరమగ్గాలకు ఉత్పత్తి తరలడమూ అప్పటికే మొదలైంది. అక్కడ గజాల లెక్కన కూలి తప్ప, మిల్లుల్లోలాంటి కరువు భత్యపు రక్షణ లేదు.

1946 చట్టంలాగే, 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా హాజరు పట్టీ అయిన మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం లేదా అంతకు మించి మద్దతున్న సంఘానికి ఏకైక బేరసారాల హక్కు ఇచ్చింది. ఇది సంఘాల మధ్య చీలికలను తగ్గించవచ్చు గానీ, ఫ్యాక్టరీ కార్మికుల్లో సుమారు 40 శాతం కాంట్రాక్టు కింద పనిచేస్తున్నప్పుడు, ప్రధాన యజమాని మస్టర్ రోల్‌లో పేరులేని వారిని లెక్కించని బేరం వేతనాలను ఎంతవరకు నిలబెట్టగలదన్నది సందేహమే. సంఘాలు కూడా పర్మినెంటు ఉద్యోగుల ఒప్పందాలతో తృప్తిపడి, కాంట్రాక్టు కార్మికులను సభ్యులుగా చేర్చుకోవడంలో జాప్యం చేశాయి. ఆ లోపాన్ని చట్టం మీదకు మాత్రమే నెట్టడం న్యాయం కాదు.