తాపీ తీరాన తెలుగు బడి: తరగతి నిర్వహణకు దూరశిక్షణ

తాపీ నది ఒడ్డున వెలసిన సూరత్ మొగలు చక్రవర్తుల నాటికే దేశదేశాల వర్తకులను ఆకర్షించిన రేవుపట్టణం. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో అది మరమగ్గాల నగరంగా ప్రసిద్ధి చెందింది. ఆ మగ్గాల మీద పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి అనేక పద్మశాలీ కుటుంబాలు అక్కడికి తరలివెళ్లాయి. లింబాయత్ వంటి పేటల్లో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. ఆ పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థకు చెందిన ప్రాథమిక విద్యా సమితి తెలుగు మాధ్యమ పాఠశాలలు నెలకొల్పింది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు - ఇలా ఏడు భాషల్లో బడులు నడపడం ఆ సమితి విశిష్టత.

మగ్గాల పేటలో బడి నడపడం సులభసాధ్యం కాదు. తల్లిదండ్రులు పగలూ రాత్రీ వంతుల వారీగా పనికి పోతారు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష. ఇటువంటి పిల్లలను ఒక్కచోట కూర్చోబెట్టి పాఠం మీద మనసు నిలిపేటట్టు చేయడం ఉపాధ్యాయునికి తొలి పరీక్ష. ఈ నేర్పును అతనికి ఎవరు, ఏ భాషలో, ఎంత దూరం నుంచి నేర్పగలరన్నది గుజరాత్ విద్యాచరిత్రలోనూ, భారత దూరవిద్యా చరిత్రలోనూ ఆసక్తికరమైన ప్రశ్న.

సూరత్‌కు ఉపాధ్యాయ సంప్రదాయం కొత్తది కాదు. 1844లో మానవ ధర్మ సభను స్థాపించి మూఢాచారాలను ప్రతిఘటించిన దుర్గారాం మెహతాజీ ఆ నగరంలో బడిపంతులే. 'మెహతాజీ' అన్న మాటకు అర్థమే పంతులు. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడైన నర్మద్ కూడా కొంతకాలం ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నాడు. అయితే ఆనాటి దేశవాళీ బడుల్లో, తెలుగునాట వీధిబడుల్లో వలెనే, క్రమశిక్షణకు బెత్తమే ఆధారం.

ఆ ఆధారాన్ని కదిలించినవాడు గిజుభాయి బధేకా. న్యాయవాద వృత్తి విడిచి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరిన ఆయన 1920లో అక్కడ బాలమందిరం ప్రారంభించాడు. ఆయన రచించిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల'గా పాఠకులకు అందింది. అందులో ఉపాధ్యాయుడు విద్యాధికారి అనుమతితో ఒక నాలుగో తరగతిని ఏడాదిపాటు తన ప్రయోగానికి తీసుకుంటాడు. మొదటిరోజు పిల్లల గోల ముందు అతని ప్రణాళికలన్నీ తలకిందులవుతాయి. మర్నాడు కథ చెప్పడం మొదలుపెట్టగానే గది సద్దుమణుగుతుంది. అల్లరి పిల్లల దోషం కాదనీ, పాఠం వారిని తాకలేదనడానికి గుర్తు అనీ ఆ గ్రంథం చెబుతుంది. ప్రయోగానికి అనుమతించిన అధికారి పాత్ర కూడా అందులో చిన్నది కాదు.

గిజుభాయి సొంత అనుభవంతో సాధించినదాన్ని అభ్యాసక్రమంగా మార్చే ప్రయత్నం 1970 దశకంలో సూరత్‌కు ఉత్తరాన ఉన్న బరోడా విశ్వవిద్యాలయంలో జరిగింది. అమెరికాలో పుట్టిన సూక్ష్మబోధన పద్ధతిని అక్కడి విద్యాశాఖ పరిశోధకులు భారతీయ శిక్షణ కళాశాలలకు అనువుగా మలిచారు. ఒకసారికి ఒకే నైపుణ్యం: ప్రశ్న అడగడం, మెచ్చుకోవడం, ఏ పిల్లవాడు వింటున్నాడో ఏ పిల్లవాడి మనసు తొలగిపోయిందో గమనించడం. కొద్ది నిమిషాలు బోధించాలి, చూసినవారి విమర్శ వినాలి, మళ్లీ బోధించాలి. ఈ పద్ధతికి ప్రాణం ఆ చూసే కన్నే.

దూరశిక్షణకు కొరవడినది ఆ కన్ను. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు సాగిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించింది. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. తెలుగు కార్యక్రమాల నిర్మాణానికి హైదరాబాద్‌లో కేంద్రం ఏర్పడగా, ఉపగ్రహానికి పంపే ప్రధాన భూకేంద్రం అహ్మదాబాద్‌లో ఉండేది. అంటే తెలుగు పల్లెకు చేరిన పాఠం గుజరాత్ గడ్డ మీదినుంచి ఆకాశానికి ఎగసింది. ఆ ఏడాదిలోనే వేలాది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారు. టెలివిజన్, రేడియో, ముద్రిత పాఠాలతో పాటు స్థానికంగా ఒక మార్గదర్శకుని సమక్షంలో సామూహిక అభ్యాసం కూడా అందులో భాగం. తెర ఒక్కటే చాలదని నిర్వాహకులు మొదటే గుర్తించారు.

తెర ముందు కూర్చున్నవాని మాట వెనక్కి వెళ్లే మార్గం తరువాత ఏర్పడింది. 1996లో కర్ణాటకలో జరిగిన ప్రయోగంలో ఉపాధ్యాయులు నిపుణులను తెరపై చూస్తూ టెలిఫోన్‌లో ప్రశ్నలు అడిగారు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరింది. గాంధీనగర్ కేంద్రంగా గుజరాత్ కూడా ఉపగ్రహం ద్వారా ఉపాధ్యాయ శిక్షణ సాగించింది.

ఇంతలో చట్టం మారింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. పంతులు చేతిలోని బెత్తం తొలగింది. దాని స్థానంలో అతని చేతికి ఏమి ఇవ్వాలన్నది శిక్షణ వ్యవస్థ బాధ్యత అయింది. 2017లో స్వయం, దీక్ష అనే అంతర్జాల వేదికలు ప్రారంభమయ్యాయి. 2019 ఆగస్టులో మొదలైన 'నిష్ఠ' కార్యక్రమం కరోనా కారణంగా 2020లో అంతర్జాలానికి మారింది. ఆ మార్పులో తొలి విడత ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది శిక్షకులకు అందింది. పిల్లల సామాజిక గుణాల వికాసం, బడిలో భద్రమైన వాతావరణం దాని పాఠ్యాంశాల్లో చేరాయి. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయునికి ఏటా కనీసం 50 గంటల వృత్తివికాసాన్ని నిర్దేశించింది.

తెలుగునాటికి దూరంగా ఉన్న తెలుగు ఉపాధ్యాయునికి ఇది మేలైన మార్పు. గుజరాత్‌లో తెలుగు బోధకులు కొద్దిమందే కనుక వారికోసం ప్రత్యేకంగా తరగతులు ఏర్పాటు చేయడం కష్టం. అంతర్జాలంలో ఆ దూరం లేదు. విజయవాడలో తయారైన తెలుగు పాఠం లింబాయత్‌లోని ఉపాధ్యాయునికి అదే రోజు అందగలదు. అయితే రాత్రివంతు ముగించుకుని తండ్రి నిద్రపోయే ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు పాఠంలో ఎందుకు కునుకుతున్నాడో ఆ తెరకు కనిపించదు. పాఠం చూసి ముగించినవారికి ధ్రువపత్రం వస్తుంది. మర్నాడు అతని తరగతి ఎలా నడిచిందో ఆ పత్రం చెప్పలేదు.

పన్నెండు రోజుల శిక్షణలో స్థానిక మార్గదర్శకుని కూర్చోబెట్టిన 1975 నాటి నిర్వాహకులు, చూసినవారి విమర్శ లేనిదే బోధన మెరుగుపడదన్న బరోడా పరిశోధకులు ఇందుకు మార్గం ముందే చూపారు. 50 గంటలలో కొన్నింటినైనా తోటి ఉపాధ్యాయుని తరగతి వెనుక బల్ల మీద కూర్చుని చూడడానికీ, చూసినది మాట్లాడుకోవడానికీ కేటాయించగలిగితే దూరశిక్షణకు కన్ను వస్తుంది. ఏడు భాషల బడులున్న నగరంలో గుజరాతీ పంతులు తెలుగు తరగతినీ, తెలుగు పంతులు ఒడియా తరగతినీ చూడవచ్చు. పిల్లల అల్లరికీ, శ్రద్ధకూ అనువాదం అక్కరలేదు. 'దివాస్వప్న'లోని విద్యాధికారి వలె అందుకు అనుమతినిచ్చే అధికారి ఉంటే చాలు.