తృప్తి మిత్ర నట జీవితం

నాటక చరిత్ర పాఠంలో తృప్తి మిత్ర పేరు చెప్పగానే ఒక విద్యార్థి "శంభు మిత్ర భార్యే గదండీ?" అన్నాడు. తప్పు ఆ కుర్రవాడిది కాదు. మన వ్యాసాలు ఆమెను అట్లాగే పరిచయం చేస్తూ వచ్చినవి. నేనూ ఒకప్పుడు అట్లా రాసినవాణ్ణే.

1925లో దినాజ్‌పూర్ జిల్లాలో పుట్టిన తృప్తి భాదురి 1943లో బిజన్ భట్టాచార్య 'ఆగున్'తో రంగమెక్కింది. అది వంగదేశపు కరువు సంవత్సరం. యుద్ధకాలపు ధరలు, నిల్వదారుల లాభాపేక్ష, తెల్లదొరల నిర్లక్ష్యం కలిసి ఇరవై, ముప్పై లక్షల మందిని పొట్టన బెట్టుకున్నవి. మరుసటి ఏడు అక్టోబరులో అఖిలభారత ప్రజానాట్య సంఘం (మన ప్రజానాట్యమండలి దాని ఆంధ్ర శాఖే) కలకత్తాలో 'నబాన్న' ప్రదర్శించింది. రంగుల తెరలకు బదులు గోనెపట్టలు. వాటి ముందు తృప్తి రైతుబిడ్డగా నిలిచింది. అంతకు పూర్వం బెంగాలీ వ్యాపార రంగస్థలం తన నటీమణులను చాలావరకు వేశ్యావాటికల నుండే తెచ్చుకొని, వారికి కీర్తి ఇచ్చి, గౌరవం మాత్రం ఇవ్వలేదు. చదువుకున్న గృహస్థుల పిల్ల ఆకలిగొన్న పల్లెపడుచుగా ఆడటం వెనుక ఈ చరిత్ర కూడ ఉన్నది. 1946లో ఆ సంఘమే నిర్మించిన అబ్బాస్ చిత్రం 'ధర్తీ కే లాల్'లోనూ ఆమె నటించింది.

1948లో మిత్ర దంపతులు సంఘానికి దూరమై 'బహురూపి' స్థాపించారు. దీన్ని ఉద్యమం నుండి పారిపోవటమని మనవాళ్ళు కొందరు తేల్చేశారు. నేను ఒప్పుకోను. 1954లో రవీంద్రుని 'రక్తకరబి'లో ఆమె నందిని. అక్కడ గని యజమానుల లెక్కలో కూలీలు పేర్లు కారు, అంకెలే. వల వెనుక దాగిన రాజును బయటికి రమ్మని పిలిచేది ఆ పిల్లే. ఇది శ్రామికులను విడిచిపోవటమెట్లా అవుతుంది? 1958లో ఇబ్సెన్ నాటకాన్ని 'పుతుల్ ఖేలా'గా ఆడినప్పుడు గడప దాటే ఇల్లాలూ ఆమెయే. సభ్యత్వ పుస్తకాన్ని మాత్రమే చూసేవాడికి ఈ పాత్రలు కనిపించవు.

ఆ రోజుల్లోనే ఆమె సరిహద్దు దాటి తూర్పు పాకిస్తాన్‌కు వెళ్ళింది. తన సొంత జిల్లానే 1947లో రెండు ముక్కలయింది గదా! మేఘనా ఒడ్డున కర్దార్ తీసిన 'జాగో హువా సవేరా'కు మాణిక్ బందోపాధ్యాయ నవల ఆధారం, మాటలు ఫైజ్ అహ్మద్ ఫైజ్ రాశాడు. సొంత పడవ కోసం కలలుగనే జాలరుల కథ అది. తక్కిన పాత్రధారులలో చాలామందికి నటన వృత్తి కాదు. వారి నడుమ తృప్తిని నటి అని వేరుచేసి చూడటం కష్టం. రంగస్థలపు గొంతును ఆమె ఎంతగా అణచుకున్నదో ఆ చిత్రం చూస్తే తెలుస్తుంది. 1958లో అయూబ్ ఖాన్ సైనిక ప్రభుత్వం వచ్చి ఫైజ్‌ను జైలుకు పంపింది. 1959లో విడుదలయిన ఆ చిత్రం చాలాకాలం మరుగునపడి, 2016లో కాన్ ఉత్సవంలో మళ్ళీ వెలుగు చూచింది.

1971లో ఏకపాత్ర నాటకం 'అపరాజిత', 1974లో ఘటక్ 'జుక్తి తక్కో ఆర్ గప్పో'లో తాగుబోతు మేధావి భార్య దుర్గ. 1989లో ఆమె కన్నుమూసింది.

'రక్తకరబి'ని కళ్ళారా చూసినవారు ఇప్పుడు వేళ్ళమీద లెక్కించేంత మందే ఉంటారు. మేఘనా ఒడ్డున మాలా మాత్రం మిగిలివున్నది. వచ్చే నెల మా తరగతిలో ఆ చిత్రం వేస్తున్నాను. ఆ ప్రశ్న అడిగిన కుర్రవాణ్ణి ముందు వరుసలో కూచోమన్నాను.